నన్ను పేరు పెట్టి పిలిచిరి

"గోపన్నా, ఈ పక్క ఫ్యాను ఉండాది, ఈడికొచ్చి కూచో" అనె వీరభద్ర.

గోపన్న అంట, గోపన్న! యాబై ఏండ్ల సావాసంలో వాని నోట్లోనుంచి నా అసలు పేరు ఎన్నిసార్లు వచ్చింటాది? నా పెండ్లి పత్రిక గట్టిగా చదివినప్పుడు ఒగసారి, రేషన్ కార్డుకు సాక్షి సంతకం పెట్టినప్పుడు ఒగసారి, ఇంగ ఎవరన్నా పోయిన ఇంటి ముందర. అంతే. ఇప్పుడు చూస్తే నాలుగు దినాల నుంచి గోపన్నా గోపన్నా అని తేనె కారుస్తాండాడు. వాడొక్కడేనా, రంగస్వామీ అంతే, లేవీ అంతే. వాళ్ళకు నేను చిక్కుపోగును. పడుగులో ఒగ పోగు చిక్కు పడిందంటే దాన్ని ఇడదీసేకి పొద్దంతా పడ్తాది, అట్లనే నేను ఉన్నదాన్నీ లేనిదాన్నీ చిక్కు చేసుకుంటానని, వీధిలో ఎవరు నవ్వినా నన్ను చూసే నవ్విరనుకుంటానని, వీరభద్రే పెట్టె ఆ పేరు. అప్పుడు మాకు ఇరవై దాటలేదు. ఎమ్మిగనూరులో మా ఇద్దరి మగ్గాలూ పక్కపక్కనే, ఒగే గోడకు అటూ ఇటూ. గోడకవతల నుంచి "రేయ్ చిక్కుపోగూ, బతికుండావా?" అని వాడు అరిస్తే నేను మగ్గంలో నాడె ఇసిరేది ఆపి "నీకంటే ముందర సావనులే" అనేటోణ్ణి. ఆ పిలుపు ఇనపడకుంటే ఆపొద్దు నాకు గుడ్డ సరిగ్గా పడేది కాదు. మరి ఇప్పుడేమాయ ఆ పిలుపుకు? దాన్ని యాడ దాచిపెట్టినారు ముగ్గురూ కలిసి? ఫ్యాను కింద ఖాళీ కుర్చీ ఒగటే ఉండాది, అది నాకంట. ఈ కర్నూలు స్కానింగు సెంటరు వరండాలో ఇంతమంది చెమటలు కారుస్తా కూచోనుంటే నాకే ఏంటికి ఫ్యాను? రోగిని గదా ఫ్యాను కింద కూచోబెట్టేది. నేను కదల్లే. "ఈడ బాగుండాదిలే" అని గోడకానుకొని కూచొంటి. వీరభద్ర రంగస్వామి మొగం చూసె, రంగస్వామి లేవి మొగం చూసె. చూడండప్పా, బాగా చూసుకోండి. పిల్లి కండ్లు మూసుకొని పాలు తాగితే ఎవరికీ కనపడదనుకుంటుందంట.

పొద్దున బస్సులోనే తిరకాసు బయటపడె. ఆరున్నర బస్సు, ఎమ్మిగనూరు నుంచి కర్నూలుకు, కోడుమూరు మీదుగా. కిటికీ సీటు ఎప్పుడూ వీరభద్రది. ఈ నలబై ఏండ్లలో ఉరుకుందకు పోయినా, మంత్రాలయం పోయినా, లేవి కూతురి పెండ్లికి నంద్యాలకు పోయినా, కిటికీ వాడు ఇడ్సలేదు. గాలికి తల చెదిరిపోకుండా ఒగ చెయ్యి నెత్తిన పెట్టుకొని మరీ కూచుంటాడు, ఆ సోకులోడు. అట్లాంటోడు ఇయాల లేచి నిలబడి, "నువ్వు కూచో గోపన్నా, బయట చూస్తా రా" అనె. బయట ఏముండాది నేను చూసేకి? ఆముదం చేన్లు, గాలిమరలు, ఎండిన హంద్రీ ఏరు. డెబ్బై ఏండ్లుగా చూస్తానే ఉండా. అయినా కడసారి చూసుకోమన్నట్ల ఇచ్చె సీటు. కోడుమూరులో లేవి దిగి బత్తాయిలు తెచ్చె. ఒలిచి, గింజ తీసి, తొన తొనా నా చేతిలో పెట్టె. లేవి! ముప్పై ఏండ్లు బస్సు కండక్టరుగా చేసి, చిల్లర అడిగితే మొగం తిప్పుకున్నోడు, నాకు గింజలు తీసి పెట్టె. ఒగ తొన నోట్లో వేసుకొంటి. తియ్యగా ఉండె.

దీనికంతా మొదలు ఆ క్యాంపు. పోయిన ఆదివారం మార్కండేయ గుడి హాల్లో మగ్గాల వీధి వాళ్ళకందరికీ ఉచితంగా పరీక్షలంటే పోతిమి నలుగురమూ. రక్తం తీసిరి, బరువు చూసిరి, బయట నిలబెట్టిన బండిలో ఎదకు ఎక్స్‌రే తీసిరి. ఆ డాక్టరమ్మ చిన్న పిల్ల, నా ఈపు మీద గొట్టం పెట్టి ఇనె, మళ్ళీ పెట్టి ఇనె. రొండుసార్లు! మిగిలినోళ్ళకు ఒగసారే. "తాతా, దగ్గు ఎన్నాళ్ళనుంచి?" అనె. "పత్తి దుమ్ము తల్లీ, మగ్గమెక్కిన కాడినుంచీ ఉండాది" అంటి. ఆమె ఏమో రాసుకొనె. ఏం రాసుకొనిందో ఆ చీటీలో? నాకు కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకొనె, అది నేను చూస్తి. వీరభద్రకు ఎక్స్‌రే మాత్రం రొండుసార్లు తీసిరి. అది వాని చొక్కా గుండీ అడ్డమొచ్చిందని, వాడే చెప్పె. వానివి అన్నీ తళతళలాడే గుండీలు గదా. ఫోన్ నంబరు అడిగితే నలుగురికీ లేవి నంబరే ఇస్తిమి, మాలో ఫోను మోగితే ఎత్తేటోడు వాడొక్కడే. గురువారం వానికి ఫోను వచ్చె. మేము ఎప్పుడూ కూచునే నూలంగడి అరుగు మీద నేను చేరేసరికి ముగ్గురూ తలకాయలు దగ్గర పెట్టుకొని ఉండిరి, నన్ను చూసి టక్కున నోరు మూసిరి. "ఏందిలే?" అంటి. "ఏం లేదు, సోమవారం కర్నూలు పోవాల, ఇంగో పరీక్ష, నలుగురమూ పోదాం" అనె లేవి. నలుగురికీ పరీక్ష అయితే నలుగురి కాగితాలూ ఉండాల గదా. వీరభద్ర చంకలో సంచీ ఒగటే ఉండాది, దాంట్లో ఒగటే ఎక్స్‌రే కవరు. బస్సులో చూస్తి. చెయ్యి పెట్టబోతే సంచీని అటు పక్కకు మార్చుకొనె. ఇంగ ఎవరికన్నా చెప్పాలనా?

ఆపొద్దు నుంచే నేను గోపన్న అయితి. ఇది మామూలు మనుషులకు అర్థం కాదు. పేరు పెట్టి పిలిస్తే తప్పేమప్పా అంటారు. మా వీధిలో అదొగ కట్టుబాటు, ఎవరు పెట్టినారో తెల్దు, మా నాయన కాలం నుంచి ఉండాది. మగ్గాల వీధిలో మారుపేరు లేని మనిషి లేడు, బతికినన్నాళ్ళూ ఆ పేరే. మనిషి పోతే మాత్రం ఆ ఇంటి ముందర మారుపేరు ఎత్తగూడదు. పోయినోనిదే కాదు, ఎవరిదీ ఎత్తగూడదు. పదకొండు దినాలూ అందరూ ఒగరినొగరు అసలు పేర్లతో పిలుచుకోవాల. అది సావుకిచ్చే మర్యాద. రొండేండ్ల కిందట మా కాశన్న పాయ. మేము అప్పుడు ఐదుగురం. కాశన్నకు నేను పెట్టిన పేరు ఉగ్గాని. పొద్దున ఇంట్లో తిని, అంగట్లో తిని, మళ్ళీ మా ఇంటికొచ్చి "మద్దమ్మొదినా, ఉగ్గాని మిగిలిందా?" అనేటోడు. బొరుగులు తడిపి తాలింపు పెట్టిన వాసన వీధి చివర నుంచి పసిగడ్తాడు. నిద్రలోనే పాయ మహారాజు, ఎవర్నీ ఇబ్బంది పెట్టలే. చాప మీద పడుకోబెట్టింటే వీరభద్ర వచ్చి, కాళ్ళ కాడ కూచొని, "ఒరే..." అని నోరు తెరిచి ఆగిపాయ. పెదాల మీదికొచ్చిన ఉగ్గానిని లోపలికి మింగి "కాశన్నా" అనె. ఆ మాట ఇన్న తర్వాతనే నాకు ఏడుపొచ్చె. అంతవరకూ నిద్రపోతాండాడని అనుకుంటా ఉంటి. పదకొండు దినాలూ మేము నలుగురం ఆ ఇంటి ముందర ఎవరో కొత్తోళ్ళ మాదిరి రంగస్వామీ, వీరభద్రప్పా, లేవీ అనుకుంటా కూచొంటిమి. పన్నెండో దినం వీరభద్ర అరుగు మీదికొచ్చి "రేయ్ చిక్కుపోగూ" అంటే ప్రాణం లేచొచ్చె.

అదీ సంగతి. ఇప్పుడు చెప్పండి, నేను అనుమానపు పక్షినా? నాలుగు దినాలుగా నన్నే కాదు, వాళ్ళల్లో వాళ్ళు గూడ అసలు పేర్లతో పిలుచుకుంటాండారు. నాలుక తిరక్క అవస్థ పడ్తా పిలుచుకుంటాండారు. రంగస్వామి మాకు కుక్కర్. చెవుడు వచ్చి చెవికి మిషను పెట్టుకున్నాక అది ఉండుండి కూయ్‌మని విజిలేస్తాది. మొదటిసారి అరుగు మీద అది కూసినప్పుడు "ఒగటాయ, ఇంగ రొండు విజిళ్ళకు పప్పు ఉడుకుతాది" అంటి, అంతే, పేరు పడిపాయ. మొన్న శుక్రవారం ఆ మిషను ఒగటే పనిగా మూడుసార్లు కూసె. నేను వీరభద్ర తట్టు చూస్తి. "పప్పు అయిపాయరా కుక్కర్" అంటాడని. వాడు తల వంచుకొని "రంగస్వామీ, మిషను సరిచేసుకో అప్పా" అనె. అప్పా! లేవిని హోల్డాన్ అంటాము. బస్సు నిలపాలంటే కండక్టర్లు హోల్డాన్ అని అరుస్తారు గదా, ఇప్పుడు వానికి పది మైళ్ళకొగసారి ఒంటికి పోవాల, డ్రైవరు ఎవరైనా గానీ హోల్డాన్ అని నిలిపిస్తాడు. ఇయాల గోనెగండ్ల దాటినాక బస్సు నిలిపిస్తే ఎవరూ ఒగ మాట అనలే. ముసలితనంలో మాకు మిగిలిన పండగ ఇదొగటే గదప్పా. కీలు నొప్పికొగ పేరు, చెవుడుకొగ పేరు, చెక్కెర జబ్బుకొగ పేరు. ఒళ్ళు ఒగటి పోగొట్టుకుంటే మేము దానికి బదులు ఒగ నవ్వు పుట్టించుకుంటిమి. ఆ నవ్వు గూడ నా ముందర నవ్వగూడదని కట్టుబాటు చేసుకున్నారంటే, నేను వీళ్ళ కంటికి ఎప్పుడో చాప మీద పడుకున్నానన్న మాట. నాకింగా ఊపిరాడ్తానే ఉండాది, వీళ్ళు నాకు దినాలు మొదలు పెట్టినారు.

నేను గూడ మొండికేస్తి. మీరు నన్ను గోపన్నా అంటే నేను మిమ్మల్ని ఏమీ అనను. గురువారం నుంచి ఎవర్నీ ఏ పేరుతోనూ పిలవలే. ఏయ్, ఓయ్, ఇదిగో, అంతే. వీరభద్ర మాత్రం మాటిమాటికీ నా ముందరికొచ్చి నిలబడ్తాడు, నా నోటి తట్టే చూస్తాడు, ఏదో ఇప్పుడు చెప్తానన్నట్ల. చూసి చూసి పోతాడు. ఏం చూస్తాండావురా, నా పెదాలు నల్లబడినాయా లేదా అనా? నిన్న సాయంత్రం ఇంటికే వచ్చి గడప కాడ నిలబడె. "ఏం గోపన్నా, మాట్లాడవు?" అనె. "ఏముంది మాట్లాడేకి" అని తలుపు దగ్గరికేస్తి. మద్దమ్మ గూడ వాళ్ళ జట్టే. యాబై ఏండ్ల కాపురంలో నన్ను తిట్టకుండా పొద్దు గడపని మనిషి, నిన్నటి నుంచి నోరెత్తలే. పొద్దున తెల్ల పంచె తీసిచ్చి, "జాగర్తగా పోయి రాండి, అందరూ ఒగే కాడ ఉండండి" అనేసరికి కండ్లు తడిగా ఉండె. ఉల్లిగడ్డలు కోస్తాండా అనె. పొద్దున ఆరుకు ఏ ఉల్లిగడ్డలు? ఆమె పప్పులో కాలేసె, నేను ఏమీ అనలే. పంచె కట్టుకొని వస్తి.

బస్టాండులో దిగంగానే లేవి నాకు ఉగ్గాని ప్లేటు తెప్పించె, పైన మూడు బజ్జీలు. మామూలుగా రొండే. రంగస్వామి వాని ప్లేట్లో బజ్జీ ఒగటి నాకు వేసె. వీరభద్ర మాత్రం నీళ్ళు గూడ తాగలే. "నాకు ఒగ పొద్దు" అనె. సోమవారం ఒగ పొద్దు ఎప్పట్నుంచి? శివరాత్రికి గూడ అటుకులు బుక్కి ఉపాసమనే మనిషి. నా కోసం ఉపాసముండాడన్న మాట. పోయేటోనికి ఇష్టమైంది పెట్టి, ఉండేటోళ్ళు కడుపు మాడ్చుకుంటారు. అది తలుచుకుంటే మూడో బజ్జీ ప్లేట్లోనే ఇడిసేద్దామనుకొంటి. అయినా తింటి. ఎందుకు తింటినో తెల్దు. కోపానికి తింటినేమో. వీరభద్ర నన్ను చూస్తానే ఉండె, చిన్న పిల్లోడు తింటాంటే చూసినట్ల. వాని మొగం అప్పుడు సరిగ్గా చూస్తి. మీసానికి రంగు లేదు. పది దినాలైంటాది వేసి, కింద తెల్లగా ముండ్లు లేసినాయి. వానికి మేము పెట్టుకున్న పేరు పెండ్లికొడుకు. డెబ్బై రొండేండ్లొచ్చినా ఇస్త్రీ మడత నలగని చొక్కా, జేబులో దువ్వెన, వారానికొగసారి మీసానికి నలుపు. కానీ పేరు దానికి పడలే, అంతకు ముందరే పడె. వాని పెండ్లినాడు మా వీధిలో ఒగే ముహూర్తానికి రొండు పెండ్లిండ్లు. మేళం చప్పుడుకు, బాసికం కండ్ల మీదికి జారి, వీడు పోయి పక్క పందిట్లో పీట మీద కూచొనె. ఆ పెండ్లికూతురి మేనమామ వచ్చి "నువ్వెవరు నాయనా?" అంటే "పెండ్లికొడుకును" అనె. అంతే, యాబై ఏండ్లు దాటినా ఆ పేరు వదల్లే. శివలీలమ్మ గూడ మొగుణ్ణి కోప్పడేటప్పుడు "ఏం పెండ్లికొడకా" అంటాది. అంత సోకులోడు రంగు మానేసినాడంటే, సావాసగాడు పోతాంటే నాకేం సోకు అనుకున్నాడన్న మాట. వానికీ నా మీద అంత ఉండాదా? ఉంటే చెప్పగూడదా, చెప్పి ఏడ్వగూడదా, ఈ గోపన్నా గోపన్నా ఏంది మధ్యలో!

వరండాలో ఫినాయిలు వాసన. గాజు తలుపు మీద ఎర్ర దీపం ఎలుగుతాది, ఆరుతాది. ఎలిగినప్పుడు లోపల మనిషి ఉన్నట్ల, ఆరితే అయిపాయినట్ల. ఇందాక ఒగాయన పోయి వచ్చె, మొగంలో ఏమీ తెలియలే, పంచె సర్దుకుంటా పాయ. ఆ తర్వాత ఒగ తల్లి, కొడుకు భుజం పట్టుకొని. గోడ మీద టీవీలో ఎవరో వంట చేస్తాండారు, శబ్దం లేదు. నర్సమ్మ చీటీ పట్టుకొని వచ్చినప్పుడల్లా నన్నే పిలుస్తాదేమోనని గోడ ఇడిసి ముందుకు వంగుతా. నాకు సావంటే భయం లేదని ఎన్నిసార్లు చెప్పింటానో అరుగు మీద. అబద్ధం. శానా భయముండాది. మట్టిలో పెట్టేదంటే కాదు, అది ఎట్లాగూ నాకు తెలియదు. ఈ ముగ్గురూ అరుగు మీద కూచొని, పన్నెండో దినం మళ్ళీ కుక్కర్, హోల్డాన్, పెండ్లికొడుకా అని నవ్వుకుంటారు గదా, ఆ నవ్వులో నేనుండను. అదీ భయం. చిక్కుపోగు అన్న పేరు ఇంగ ఎవరికీ అక్కరకు రాదు. గోపన్నలు లోకంలో వెయ్యిమంది ఉంటారు, మా ఊర్లోనే నలుగురుండారు. చిక్కుపోగును నేనొక్కణ్ణే. లోపలికి పోయే ముందరన్నా వీడు ఒగసారి ఆ పేరుతో పిలిస్తే చాలు, సూది గుచ్చినా, ఆ మిషన్లోకి తోసినా పోతా అనిపించె. అడగాల. అడిగేస్తే పోతాది.

"లేవీ" అంటి. నా నోటికి గూడ అసలు పేరే వచ్చె, చూడు కర్మ. "నాకేమాయనో చెప్పు. నేను సిన్నపిల్లోణ్ణి కాదు."

లేవి నోరు తెరిచి వీరభద్ర తట్టు చూసె. వీరభద్ర నేల తట్టు చూసె. రంగస్వామికి ఇనపడలే, "ఏంది, ఏంది?" అనె.

"నీకా?" అనె లేవి. "నీకేమాయప్పా?"

"నాటకాలొద్దు. ఆ కవర్లో ఉండేది నా ఎక్స్‌రే గదా?"

వాడు జవాబు చెప్పే లోపల గాజు తలుపు తెరుచుకొనె. నర్సమ్మ చీటీ చూసి, "వీరభద్రప్ప, డెబ్బై రెండేళ్ళు. ఎవరండీ? రండి" అనె.

నేను నా పేరు కోసం చెవులు రిక్కించుకొని ఉంటి గదా, ఇది నాది కాదని ఊపిరి వదిల్తి. ఈ జిల్లాలో రాయి ఇసిరితే ఒగ వీరభద్రప్పకే తగుల్తాది, ఎవరో లేస్తారులే అనుకొంటి. లేచింది మావోడు. తప్పు పందిట్లోకి పోయే అలవాటు ముసలితనంలో గూడ పోలేదే అని వాని చొక్కా అంచు పట్టి లాగితి. "కూచో, నిన్ను కాదు."

"నన్నేలే" అనె వాడు. సంచీలోనుంచి కవరు తీసి నర్సమ్మకిచ్చె. గడియారం ఇప్పి రంగస్వామికిచ్చె. "కట్టుడు పళ్ళుంటే తీసెయ్యండి" అని ఆమె అంటే, అటు తిరిగి తీసె. జేబులోనుంచి మడత పెట్టిన చేతిగుడ్డ తీసి, దాంట్లో పండ్లు పెట్టి, ఎవరికియ్యాలా అని చూసి, నా అరచేతిలో పెట్టె. ఇంగా వెచ్చగా ఉండె. బుగ్గలు లోపలికి పోయి వాని మొగం వాళ్ళ నాయన మొగం మాదిరి ఆయ. నా నోటి తట్టే చూసె, ఈ నాలుగు దినాలూ చూసినట్లనే. నా బుర్రలో చేన్లు, బత్తాయిలు, బజ్జీలు, అన్నీ ఒగదాని మీదొగటి పడి తిరుగుతాండె. వాడు లోపలికి పాయ. తలుపు పడె, ఎర్ర దీపం ఎలిగె.

"ఊపిరితిత్తి మీద రేగ్గాయంత మచ్చ ఉండాదంట" అనె లేవి, మెల్లగా. "గుండీ కాదు. గురువారం ఫోనులో చెప్పిరి. పరగడుపున రమ్మనిరి, అందుకే ఏమీ తినలే."

"నాకేంటికి చెప్పలే?"

"నీకు తెలిస్తే తట్టుకోలేవని వాని భయం. కిటికీ సీటు వాడే ఇప్పిచ్చె, బత్తాయిలు వాడే చెప్పె. నాకేమన్నా అయితే గోపన్నను చూసుకోండి, వాడు గట్టోడు కాడు అనె. మద్దమ్మక్కకు గూడ వాడే చెప్పి ఒట్టు పెట్టిచ్చుకొనె."

"మరి ఆ పేర్లు?" అంటి. "సావింట్లో మాదిరి ఆ పేర్లు ఏందిరా?"

లేవి కండ్లు తుడుచుకొనె. ఫోను వచ్చిన గురువారం సాయంత్రమే వీరభద్ర ఉరుకుందకు పోయినాడంట. ఈరన్న స్వామి ముందర నిలబడి, మొక్కు మొక్కితే శానా ఇష్టమైంది ఒగటి ఇడ్సాల గదా, ఏమిడ్సాల అని ఆలోచించినాడంట. బీడీలు ఎప్పుడో ఇడిసె. తీపి చెక్కెర జబ్బు ఇడిపించె. కారం డాక్టరు ఇడిపించె. ఇష్టమైంది అంటే ఏం మిగిలింది? మమ్మల్ని ఎగతాళి పేర్లతో పిలిసేది మిగిలింది. దాన్ని ఇడిసె, మచ్చ వల్ల ఏమీ లేదని తేలేవరకూ. కుక్కర్ గాడూ హోల్డాన్ గాడూ ఊరికే ఉంటారా, మేమూ ఇడుస్తామనిరంట. లేవిది వేరే దేవుడైనా, "మొక్కు మీది, నోరు నాది, నేనూ కట్టేసుకుంటా" అనె అంట.

"నేను పరాయోణ్ణయితినా?" అని అరిస్తి. అంతవరకూ పట్టుకున్న కోపమంతా వచ్చె. "ముగ్గురు ఇడిస్తే మొక్కు, నాలుగోవాడు పనికిరాలేదా?"

"నిన్ను కలపొద్దని వాడే అనె" అనె లేవి. "నలుగురూ ఇడిస్తే ఇంగ నన్ను పెండ్లికొడుకా అని పిలిసేటోడెవడుంటాడు? గోపన్నను ఇడిసిపెట్టండి, వానికి చెప్పొద్దండి, వాని నోరు ఎట్లాగూ ఆగదు, వాడు పిలుస్తాడు అనె."

రంగస్వామికి ఇది మాత్రం ఎట్ల ఇనపడెనో. "దినామూ చూసెనప్పా, నువ్వు పిలుస్తావని" అనె. "నిన్న మీ ఇంటికి గూడ అందుకే వచ్చె."

గడప కాడ నిలబడినోణ్ణి నేను తలుపేసి పంపిస్తి. నాలుగు దినాలు. ఒగసారి, ఒగే ఒగసారి గూడ పిలవలే. చేతిగుడ్డలో పండ్లు గట్టిగా పట్టుకొని లేస్తి. గాజు తలుపు కాడికి పోతి. లేవి పంచె పట్టి లాగె, ఇనలే. లోపలుండే రొండో తలుపు తీసుకొని నర్సమ్మ ఏదో కాగితం కోసం బయటికొస్తాండాది. ఆ సందులోనుంచి, నా పత్తి దుమ్ము ఊపిరితిత్తులు ఎంత ఓర్చుకుంటాయో అంత గట్టిగా అరిస్తి.

"ఒరేయ్ పెండ్లికొడుకా! ఓ పెండ్లికొడుకా! బతికుండావా లేదా?"

వరండా అంతా తిరిగి చూసె. ఎవరో పాప నవ్వె. నర్సమ్మ "పెద్దాయనా, ఇది ఆసుపత్రి" అని నన్ను ఎనక్కి తోసి తలుపు మూసె. ఇంగ చేసేదేముంది, నిలబడితి. రంగస్వామి వచ్చి పక్కన నిలబడె, లేవి వచ్చి ఇంగో పక్క నిలబడె. ఎర్ర దీపం ఎలుగుతానే ఉండాది. శానా సేపు అనిపించె, అరగడియ గూడ కాలేదేమో. అప్పుడు తలుపు తెరుచుకొని మిషను నడిపే మనిషి బయటికొచ్చె, తెల్లకోటు, మొగం చిటచిటలాడ్తాండాది.

"ఎవరండీ ఇందాక అరిచింది? ఊపిరి బిగబట్టి కదలకుండా పడుకోమంటే ఆ ముసలాయన నవ్వుతానే ఉండాడు. పళ్ళు లేని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని మరీ నవ్వుతాండాడు. మొత్తం చెడిపోయింది, మళ్ళీ మొదట్నుంచి తీయాల."

"తీయండి సారూ" అంటి. "ఈసారి అరవను."